ఉన్ని కార్పెట్ మీద దాల్మా (పసుపేసి వండే ఒడియా పప్పుకూర) మరక, సబ్బు పెడితే ఎర్రగా అయిపోయింది, ఏటి చెయ్యాలి?

మాది ఒడిశాలో పర్లాకిమిడి. మా జిల్లాలోనే ఉన్న చంద్రగిరిలో టిబెటన్ల దగ్గర కొన్న ఉన్ని కార్పెట్ అండి, నిన్న మా బుడ్డోడు దాల్మా గిన్నె బోర్లించేసాడు, నేను కంగారులో బట్టల సబ్బు పెట్టి బ్రష్‌తో బరబరా రుద్దేసాను, పసుపు మరక కాస్తా కుంకుమలా ఎర్రబడిపోయింది. అత్తయ్య ఊరి నుంచి వచ్చేలోపు పోవాలి. బ్లీచింగ్ వేసేయనా?

రిప్లై (రాయగడ):
అమ్మో, బ్లీచింగ్ వద్దక్కా, ఉన్నిని తినేస్తాది. ఎర్రబడింది పసుపే, కంగారు పడకండి. పారాణికి పసుపులో సున్నం కలిపితే ఎర్రబడదూ, సబ్బు క్షారం తగిలినా అంతే, సోడా వేసినా అంతే. తెల్ల వెనిగర్ ఒక వంతు, చల్లనీళ్ళు రెండు వంతులు కలిపి తెల్లగుడ్డ ముంచి, పిండి, అద్దండి. రుద్దితే పోగులు లేచిపోతాయి. ముందు ఓ మూల అద్ది చూడండి, రంగు దిగుతుందేమో.

అడిగినవారు:
అద్దాను, నిజంగానే మళ్ళీ పసుపైంది!! కానీ మరక మాత్రం అలాగే ఉంది తమ్ముడూ

రిప్లై (బరంపురం):
ఇక ఎండే మందు, పసుపు రంగు ఎండకి ఆగదు. మరక వరకే ఎండ తగిలేలా చుట్టూ పాత దుప్పటి కప్పండమ్మా, లేదంటే కార్పెట్ రంగు కూడా వెలుస్తుంది. తాలింపు నూనె ఉంటుంది కదా, దానికి ముందురోజు రాత్రి కార్న్‌ఫ్లోర్ చల్లి పొద్దున్నే దులిపెయ్యండి. మా ఇంట్లో మూడెండలు పట్టింది. అడుగున తడి ఉండగా మాత్రం పరవకండి, ముక్క వాసన వదలదు.