పనీర్ విరుగుడు నీళ్లు రాజశ్రీ కోళ్లకు ఎంత పొయ్యొచ్చు?

పరకాల పెరటికోళ్లు:
60 రాజశ్రీ పెట్టలు, అన్నీ గుడ్ల మీదున్నయ్. పనీర్ చేసేకాడ రోజూ 10 లీటర్ల విరుగుడు నీళ్లు ఉత్తగనే దొరుకుతున్నయ్. మంచినీళ్లు బంజేసి జి.ఐ. రేకు తొట్టిల అవే పోస్తున్న. నాలుగు రోజులకే రెట్ట పలచగైంది, కింద ఊకంత ముద్దకట్టింది, పొద్దుగాల షెడ్డు తలుపు తీస్తే కండ్లు మండుతున్నయ్. మొత్తం మానెయ్యాల్నా? దాణా ఖర్చు ఏమన్న కలిసొస్తదా?

హనుమకొండ పశువైద్యం:
మానక్కర్లేదు. కానీ నీళ్లకు బదులుగా పొయ్యడం ఈరోజే ఆపండి, మంచినీళ్లు ఎప్పుడూ ముందుండాలి.

లెక్క చూడండి. 10 లీటర్ల పనీర్ విరుగుడును ఇంకబెడితే మిగిలేది సుమారు 650 గ్రాములు. అందులో 450-500 గ్రాములు పాలచక్కెరే. దాన్ని అరిగించే ఎంజైము కోడి పేగులో లేదు. అరగని చక్కెర చివరి పేగు సంచుల్లోకి చేరి పులుస్తుంది, నీటిని లాగుతుంది, రెట్ట పలచనవుతుంది. 60 పెట్టలు తినే దాణా రోజుకు 6 కిలోలు. అంటే మీరు పోస్తున్నది దాణాలో పదో వంతు, అది ఎక్కువ. అందులో సగం లోపయితే అదే చక్కెర మంచి బ్యాక్టీరియాకు మేతవుతుంది.

ఖర్చు సంగతా? ఆ 10 లీటర్లలో మాంసకృత్తులు 50 గ్రాములకు అటూ ఇటూ. సోయా చెక్కలో లెక్కేస్తే నూరు గ్రాముల పైచిలుకు, అంతే. సోయా తగ్గిస్తే గుడ్లు తగ్గుతాయి.

నర్సంపేట నాటుకోడి:
అన్నా, ముందుగాల ఆ తొట్టి మార్చు. పులుపుకు రేకు మీది జింకు కరిగి కోడి కడుపులకు పోతది. ఇత్తడి, రాగి గూడ వద్దు. ప్లాస్టిక్ టబ్బో, మట్టి గురిగో పెట్టు. నిపుల్ పైపులల్ల అసలే పొయ్యకు, పాల తెట్టె పట్టి మూసుకపోతయ్.

పొద్దుగాల 3 కిలోల దాణాకు లీటరున్నర విరుగుడు కలుపు, మాపటీలి గంతే. పిడికిట్ల పడితే ముద్ద కావాలె, వేలు తగిలితే ఇరగాలె, చుక్క కారొద్దు. అరగంటల తినంగ మిగిలింది ఎత్తిపారెయ్యి. ఎండకాలం పొద్దటి ముద్ద మధ్యాహ్నానికి బూజు పడ్తది.

ముద్దకట్టిన ఊక తీసి, రెండు అంగుళాల ఎండు ఊక పొయ్యి. తడి మీద సున్నం మాత్రం చల్లకు, లోపలున్న అమ్మోనియా ఒక్కసారే లేస్తది. రెట్టల నెత్తురు కనపడితె అది విరుగుడు పని కాదు, కాక్సిడియోసిస్ (పేగుల పరాన్నజీవి జబ్బు) మందు చూడాలె.

పరకాల పెరటికోళ్లు:
మంచిది అన్నా. ఎల్లుండి లాసోటా (కొక్కెర తెగులు టీకా) నీళ్లల్ల ఇయ్యాలె. పాలపొడి బదులు ఈ విరుగుడు పోస్తే నడుస్తదా?

హనుమకొండ పశువైద్యం:
వద్దు. పాలపొడి వేసేది నీళ్లలోని క్లోరిన్‌ను విరిచేందుకు, పుల్లటి విరుగుడు దానికి బదులు కాదు. వెన్న తీసిన పాలపొడి లీటరుకు రెండున్నర గ్రాములు. మీకు రెండున్నర లీటర్ల బావినీళ్లు, 6 గ్రాముల పొడి చాలు. కలిపిన అరగంటకు టీకా వెయ్యండి. అంతకు ముందు గంటన్నర నీళ్లు తీసెయ్యండి, టీకా నీళ్లు రెండు గంటల్లో అయిపోవాలి. ఆ రోజు విరుగుడు ముద్ద ఆపండి. టెట్రాసైక్లిన్ మందు నడిచే రోజుల్లోనూ అంతే: విరుగుడులోని కాల్షియం మందును పట్టేసుకుంటుంది, ఒంటికి ఎక్కదు.