అప్‌డేట్: 1060 కాదు, ఆర్ఎక్స్ 580 తీసుకున్నా

గేముల కోసం సెకండ్ హ్యాండ్ గ్రాఫిక్స్ కార్డుల్లో ఎన్విడియా జీటీఎక్స్ 1060 (6జీబీ మెమరీ) కొనాలా, ఏఎండీ ఆర్ఎక్స్ 580 (8జీబీ) కొనాలా అని ఇంతకుముందు అడిగాను కదా. చివరికి 580 తీసుకున్నా. సలహాలిచ్చిన అందరికీ థ్యాంక్స్.

లెక్కలు చూస్తే 1060కి 192 బిట్ బస్ (మెమరీకి డేటా వెళ్లే దారి), కరెంటు వాడకం 120 వాట్లు. 580కి 256 బిట్, 185 వాట్లు. డైరెక్ట్‌ఎక్స్, వల్కన్ అంటే గేములు గ్రాఫిక్స్ కార్డుతో పని చేయించుకునే సాఫ్ట్‌వేర్లు. పాత డైరెక్ట్‌ఎక్స్ 11 గేముల్లో రెండూ ఇంచుమించు సమానమే. వల్కన్, డైరెక్ట్‌ఎక్స్ 12 వచ్చేసరికి చాలావాటిలో 580దే పైచేయి. నాకు మాత్రం ఆ అదనపు 2 జీబీ మెమరీయే ముఖ్యం. 1080పీలో టెక్స్చర్లు (గేములో వస్తువుల మీద కనిపించే బొమ్మల వివరాలు) హైలో పెట్టి హాయిగా ఆడుకుంటున్నా.

అసలు కథంతా కొనేటప్పుడే. మొదట చూసిన కార్డు పెట్టె మీద 580 అనే ఉంది. కార్డు వివరాలు చూపించే జీపీయూ-జడ్ అనే సాఫ్ట్‌వేర్ తెరిస్తే షేడర్ల (కార్డులో లెక్కలు చేసే చిన్న యూనిట్ల) దగ్గర 2304 బదులు 2048 కనిపించింది. అంటే అది 2048ఎస్‌పీ రకం, పేరుకు 580 గానీ దాదాపు దానికంటే కింది మోడల్ 570యే. అమ్మే అతన్ని అడిగితే "అన్నీ ఒకటే సార్" అన్నాడు. ఓ దండం పెట్టి వచ్చేశా. ఆ ఒక్క అంకె చూడకుండా ఎవరూ డబ్బులు ఇవ్వకండి.

తర్వాత దొరికింది అసలుదే. చిప్ వేడిని కూలర్‌కి చేరవేసే థర్మల్ పేస్ట్ ఎండిపోయి పొడిలా రాలుతుంటే మార్చేశా. మీరు చెప్పినట్టే ఏఎండీ వాళ్ల రేడియాన్ సాఫ్ట్‌వేర్‌లో వోల్టేజీ కాస్త తగ్గిస్తే ఫ్యాన్ గోల కూడా తగ్గింది.

పవర్ సప్లైలో కార్డుకు కరెంటు ఇచ్చే 6 పిన్ కేబుల్ మాత్రమే ఉన్నవాళ్లు, స్ట్రీమింగ్ చేసేవాళ్లు మాత్రం 1060 వైపే వెళ్లండి. దాని వీడియో ఎన్‌కోడర్ (స్ట్రీమింగ్ కోసం వీడియోను కుదించే భాగం) మెరుగు.