తొట్టిలో చేపలు వేసి తీసిన లకుముకి ఫోటో "ప్రకృతి ఫోటో" అవుతుందా?

పటమట_కెమెరా | ఆదివారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. నాది విజయవాడ, పెళ్లి ఫోటోలు తీస్తాను. రెండేళ్లలో పక్షుల ఫోటోగ్రఫీలోకి పూర్తిగా వచ్చేయాలని ఆశ. పోయిన నెల కంకిపాడు దాటాక ఒక పిల్లకాలువ పక్కన వర్క్‌షాప్ ఉంటే 3,500 కట్టి వెళ్లాను. పొద్దున 6 నుంచి 10 దాకా. అక్కడ నేలలో గాజు తొట్టి పాతి, అందులో పరిగె పిల్లల్ని వదిలారు. పైన ఒక ఎండు కొమ్మ. ఆకుపచ్చ గుడ్డ వెనక మేం 9 మందిమి. లకుముకి వచ్చి కొమ్మ మీద వాలడం, దూకడం, మళ్లీ వాలడం. చేపను ముక్కున కరుచుకుని నీళ్లు చిమ్ముతూ లేచే ఫోటో నాకూ దొరికింది. సెకనులో 3,200వ వంతు స్పీడు. నా జీవితంలో బెస్ట్ ఫోటో ఇదే అనుకున్నా.

మొన్న ఒక పోటీకి పంపితే "సెటప్" అని రాసి పక్కన పెట్టారు. పైగా మిగతా 8 మంది ఫేస్‌బుక్‌లోనూ అదే ఫోటో. అదే కొమ్మ, అదే పిట్ట. నేను చేసింది తప్పా? పోస్ట్ తీసేయాలా?

బ్రాడీపేట_పెద్దాయన | 9:40

తప్పే బాబూ. మెత్తగా చెప్పడం నాకు రాదు.

లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియం వాళ్ల 2009 పోటీలో గేటు మీంచి దూకుతున్న తోడేలు ఫోటోకి మొదటి బహుమతి వచ్చింది, 10,000 పౌండ్లు. అది అడవి తోడేలు కాదు, మచ్చిక చేసిందై ఉంటుందని తేల్చి 2010 జనవరిలో బహుమతి రద్దు చేశారు. 2017లో బ్రెజిల్ యాంట్‌ఈటర్ (చీమలు తినే జంతువు) ఫోటో గెలిస్తే, అది చచ్చిన జంతువు చర్మంలో కూరి నిలబెట్టిన బొమ్మేనని నిపుణులు చెప్పడంతో మరుసటి ఏడాది దాన్నీ తీసేశారు. ఫోటోగ్రాఫిక్ సొసైటీ ఆఫ్ అమెరికా నియమం ఇంకా సూటిగా ఉంటుంది. ప్రాణమున్న జీవిని ఎరగా వేసి తీసిన ఫోటో వాళ్లకి పనికిరాదు.

నేను మా గుంటూరు పక్కన ఉప్పలపాడు పక్షుల చెరువు గట్టు మీద 11 ఏళ్లుగా కూర్చుంటున్నాను. గూడబాతు పిల్ల తల్లి గొంతులో తల దూర్చి తినే ఫోటోకి నాకు మూడు సీజన్లు పట్టింది. నువ్వు పొద్దున 6కి వెళ్లి 10కల్లా ఇంటికొచ్చావు. తేడా అక్కడుంది.

పెళ్లిళ్ల_సీను | 9:51

పెళ్లికొడుకుని "మళ్లీ ఒకసారి అలా నడిచి రండి" అంటాం. తాళి రెండోసారి కట్టించినవాళ్లు కూడా ఉన్నారు. సెటప్ అంటే మమ్మల్ని అడగండి.

గుడ్డచాటు | 10:05

ఆ తొట్టి నాదే.

వచ్చేవాళ్లకి తొట్టి సంగతి ముందే వాట్సాప్‌లో రాశాను, పటమట తమ్ముడూ, వెనక్కెళ్లి చూసుకో. పోటీకి పంపేటప్పుడు ఆ మాట నువ్వు రాయకపోతే అది నా తప్పు కాదు. పెద్దాయన గారూ, తోడేలు ఫోటో పోయింది అబద్ధం చెప్పినందుకు. నేను అబద్ధం ఎక్కడ చెప్పాను? ఆ లకుముకి రోజూ ఆ కాలువలో పరిగెలే తింటుంది. అవే పరిగెల్ని నేను నాలుగు అడుగులు ఇవతల పెట్టాను.

బ్రాడీపేట_పెద్దాయన | 10:11

చేపలు బతికున్నవా, చచ్చినవా?

గుడ్డచాటు | 10:14

చచ్చిన చేప కోసం లకుముకి దూకుతుందా సార్?

బ్రాడీపేట_పెద్దాయన | 10:16

నేను అడిగింది అది కాదు. బతికున్నవా, చచ్చినవా?

సెక్షన్_వకీలు | 10:38

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం సెక్షన్ 2(16) చూడండి. "వేట" అన్న మాటకి ఇచ్చిన అర్థంలో పట్టుకోవడం, ఉచ్చు పెట్టడం, తరమడంతో పాటు ఎర వేయడం కూడా ఉంది. ఊరికే చెప్తున్నా.

గుడ్డచాటు | 10:45

అదే సెక్షన్‌లో పక్షుల గూళ్లని, గుడ్లని కదిలించడం కూడా వేటే అని ఉంది. మూడు సీజన్లు గూటి దగ్గర కూర్చున్నది ఎవరో పైన రాసుకున్నారు. గూళ్ల ఫోటోలు వద్దనే పోటీలు కూడా ఉన్నాయి, ఆ నియమాలు ఎవరూ చదవరు.

బ్రాడీపేట_పెద్దాయన | 10:59

నేను గట్టు మీద, గూళ్లు చెరువు మధ్యలో తుమ్మచెట్ల మీద. మధ్యలో నీళ్లు. నా వల్ల ఒక్క పక్షి లేవలేదు. లేపింది ఎవరో చెప్పనా? రెండేళ్ల కిందట డిసెంబరులో ఒక వ్యాను నిండా జనాన్ని దింపి, గట్టు మీద చప్పట్లు కొట్టించి, పక్షులన్నీ ఒకేసారి లేచే ఫోటో తీయించారు. ఆ పక్షుల్ని ఆ ఊరివాళ్లు ఇంటి పిల్లల్లా చూసుకుంటారు. మర్నాడు నేను వెళ్తే "మీ వాళ్లేగా" అని నన్ను టీ కూడా తాగనివ్వలేదు. 9 ఏళ్ల పరిచయం ఒక్కరోజులో పోయింది. ఆ వ్యాను మీదే.

గుడ్డచాటు | 11:02

చప్పట్లు కొట్టింది ఒక్కడు. వాణ్ణి అక్కడే తిట్టాను, మళ్లీ ఏ ట్రిప్పుకీ పిలవలేదు.

కాజా_టోల్‌గేట్ | 11:03

పాప్‌కార్న్ తెచ్చుకున్నా. కానివ్వండి.

లంకపిల్ల | సోమవారం, ఉదయం 6:20

చేపల ప్రాణం సంగతి కాసేపు పక్కన పెట్టండి. నేను బోటనీ చెప్తాను, ఆదివారాలు పక్షుల్ని లెక్కపెడతాను. నాకున్న అనుమానం వేరే. మీరు నవంబరు నుంచి మార్చి దాకా రోజూ అదే కొమ్మ దగ్గర తిండి పెడుతున్నారు. ఎండాకాలం కాలువలు కట్టేస్తారు. నీళ్లుండవు, వర్క్‌షాపులుండవు, తొట్టీ ఉండదు. సరిగ్గా దానికి పిల్లల్ని సాకాల్సిన రోజులు. అప్పుడు ఆ పిట్ట సంగతేంటి? వెళ్లి చూశారా ఎప్పుడైనా?

పటమట_కెమెరా గారికి ఒక మాట. ఈ లైన్లో నిలబడాలంటే స్పీడు, లెన్సు కన్నా ముందు పక్షిని గొంతు విని పోల్చుకోవడం, గుంపును లెక్కగట్టడం నేర్చుకోండి. ప్రతి జనవరిలో నీటిపక్షుల్ని లెక్కపెట్టే ఏషియన్ వాటర్‌బర్డ్ సెన్సస్ జరుగుతుంది, 1987 నుంచీ ఉంది. కొల్లేరు వైపు రెండుసార్లు వస్తే వర్క్‌షాపుల్లో రానిది వస్తుంది. సర్వే పనులకి మనుషుల్ని వెతికేటప్పుడు కెమెరా ఉన్నవాళ్లు చాలామంది దొరుకుతారు, లెక్క తెలిసినవాళ్లు దొరకరు.

గుడ్డచాటు | 7:02

మార్చిలో ఒకేసారి ఆపను. చివరి పది రోజులు చేపలు తగ్గిస్తూ వస్తాను. ఏప్రిల్‌లో రెండుసార్లు వెళ్లి చూశాను, అక్కడే తూము దగ్గర కనిపించింది. మే నెలలో చూడలేదు, నిజం చెప్పాలిగా. ఈసారి చూస్తాను.

సెన్సస్ మంచిదే తమ్ముడూ, వెళ్లు. కానీ అది కూడా ఊరికేనే. పెట్రోలు కూడా మనదే.

పటమట_కెమెరా | 8:30

అన్నా, అసలు ఈ లైన్లో ఇల్లు గడుస్తుందా? అది చెప్పండి ముందు.

గుడ్డచాటు | 9:15

దాచేదేముంది. పోయిన ఏడాది నేను 22 పెళ్లిళ్లకి రెండో కెమెరాగా వెళ్లాను. పక్షుల ఫ్రేములు 4 అమ్మాను, అందులో ఒకటి మా బావ కొన్నాడు. ఒక సర్వేకి 12 రోజులు. ఒక పత్రిక లోపలి పేజీకి 500 పంపింది. మిగతాదంతా తొట్టి. ఇంటి అద్దె తొట్టి, పాప ఫీజు తొట్టి, 150-600 లెన్సు ఈఎంఐ తొట్టి.

బ్రాడీపేట_పెద్దాయన | 11:30

కష్టం అందరికీ ఉంటుంది. కష్టం ఉందని ప్రకృతిని తొట్టిలో పెట్టి తలకింత అని అమ్ముకోవడం వ్యాపారం అవుతుంది, ఫోటోగ్రఫీ కాదు. దానికో గురువు, శిష్యులు. సిగ్గుగా ఉంది నాకు. చేపలు బతికున్నవే అని ఇంకా ఒప్పుకోలేదు, గమనించండి.

గుడ్డచాటు | 11:52

బతికున్నవే! బతికున్నవే సార్! చాలా? రాసుకోండి.

ఇక నేను చెప్పేది కూడా వినండి. మూడేళ్లుగా కడుపులో ఉంది. ఒక ఆఫీసువాళ్లు కొత్త సంవత్సరం క్యాలెండరుకి మన పక్షులు 12 కావాలని నన్ను పిలిచారు. ఏ నెలకి ఏ పక్షి బాగుంటుందో కూర్చుని లిస్టు రాసిచ్చాను. రామచిలుకని మన రాష్ట్ర పక్షి అని 2018లో ప్రకటించారు కాబట్టి జనవరికి అదే ఉండాలన్నాను. నా దగ్గర మంచిది లేకపోతే మూడు రోజులు ఉండవల్లి వైపు తాటిచెట్ల కింద నిలబడి తీశాను. ఫోటోకి 3,000 చొప్పున 36,000 అడిగాను. "పై నుంచి మాట రావాలి, ఆగండి" అన్నారు. ఆగాను. డిసెంబరు ఆఖర్లో క్యాలెండరు వచ్చింది. జనవరి రామచిలుక, ఫిబ్రవరి గూడబాతు, మార్చి పాలపిట్ట. నా లిస్టే, నా వరసే. ఫోటోలు మాత్రం మీవి. కింద చిన్న అక్షరాల్లో మీ పేరు. అడిగితే "ఆయన ఊరికే ఇచ్చారండీ, పెద్దమనిషి" అన్నారు.

ఆ సంక్రాంతి వెళ్లాకే నేను తొట్టి కొన్నాను సార్.

పెళ్లిళ్ల_సీను | 11:58

ఇక్కడ జోకు వేయను.

కాజా_టోల్‌గేట్ | మధ్యాహ్నం 12:10

ఓహో. రెండు రోజులుగా నడుస్తున్నది చేపల గొడవ కాదన్నమాట.

బ్రాడీపేట_పెద్దాయన | 3:45

ఈ సంగతి నాకు తెలియదు. దేవుడి సాక్షిగా తెలియదు. లిస్టు వాళ్లే ఫోన్‌లో చదివారు, ఉన్నాయా అన్నారు, ఉన్నాయి అన్నాను. మీరు ధర చెప్పారని ఎవరూ అనలేదు.

అయినా నేను ఎందుకు అమ్మాలి? 34 ఏళ్లు ఉద్యోగం చేశాను, పెన్షన్ వస్తుంది. 10 లక్షలు దాటిన లెన్సు నా సొంత డబ్బుతో కొన్నాను. ఊళ్లో నలుగురు మన పక్షుల్ని చూడాలి, పిల్లలు పేర్లు నేర్చుకోవాలి. అంతే నా కోరిక. దానికి కూడా బిల్లు రాయమంటారా? నా జన్మలో పక్షికి వెల కట్టను.

గుడ్డచాటు | 4:02

కట్టకండి. అమ్మకండి. కానీ ఊరికే ఇవ్వకండి. ఆ క్యాలెండరు అచ్చేసినవాడు ఊరికే వేశాడా? కాగితం ఊరికే వచ్చిందా? గ్లేజు పూతకి డబ్బిచ్చారు, లారీకి ఇచ్చారు. ఒక్క ఫోటో దగ్గరే "పెద్దమనిషి" గుర్తొచ్చాడు. మీలాంటి పెద్దమనుషులు విజయవాడ, గుంటూరు రెండు ఊళ్లలో కనీసం పదిమంది ఉన్నారు, అందరిదీ పెద్ద లెన్సే. మీ ముందు నేను ధర చెప్పి ఎక్కడ నిలబడను?

సెక్షన్_వకీలు | 4:40

కాపీరైట్ చట్టం 1957 ప్రకారం హక్కు వేరేవాళ్లకి పోవాలంటే రాసి సంతకం పెట్టాలి, సెక్షన్ 19. పెద్దాయన గారు సంతకం పెట్టలేదంటే ఆ 12 ఫోటోల హక్కు ఇప్పటికీ ఆయనదే. ఆయన బతికినంత కాలం, ఆ తర్వాత ఇంకో 60 ఏళ్లు. మళ్లీ వాడితే డబ్బు అడగొచ్చు. గుడ్డచాటు గారూ, మీకు ఒక మాట. ఎవరైనా డబ్బిచ్చి ప్రత్యేకంగా తీయించుకుంటే, వేరే ఒప్పందం లేకపోతే హక్కు వాళ్లదే అవుతుంది, సెక్షన్ 17. ఈసారి రాయించుకోండి. పక్షుల లిస్టు మీద మాత్రం కేసు నిలబడటం కష్టం.

లంకపిల్ల | 5:15

పెద్దాయన గారూ, ఆ ఆఫీసు ఈ ఏడాది కూడా మిమ్మల్ని అడుగుతుందిగా. అప్పుడు 36,000 చెప్పండి. వచ్చింది మీరు ముట్టుకోవద్దు, ఉప్పలపాడులో ఆ ఊరివాళ్లకే ఇవ్వండి. టీ మళ్లీ పోస్తారేమో.

బ్రాడీపేట_పెద్దాయన | 5:50

ఇప్పటికే అడిగారు. మొన్న గురువారం. 12 కాదు, 13 కావాలట, అట్టకి ఒకటి.

గుడ్డచాటు | 5:52

ఇచ్చారా?

బ్రాడీపేట_పెద్దాయన | 7:30

పెన్‌డ్రైవ్‌లో పెట్టాను. ఇంకా పంపలేదు. రేపు వాళ్ల మనిషి వస్తానన్నాడు.

తొట్టి విషయంలో నా మాట మారదు. అది వేరు, ఇది వేరు.

గుడ్డచాటు | 7:41

నాకూ వేరే. ఈఎంఐ ఇంకా 7 నెలలుంది, అప్పటిదాకా తొట్టి ఉంటుంది. రేపు ఆ మనిషి ఎన్నింటికి వస్తాడు?

బ్రాడీపేట_పెద్దాయన | 7:44

11కి. ఎందుకు?

గుడ్డచాటు | 7:45

ఊరికే.

పటమట_కెమెరా | 9:20

ఇంతకీ నా లకుముకి పోస్ట్ సంగతి ఎవరూ చెప్పలేదు. కింద "తొట్టి దగ్గర తీసింది" అని చేర్చాను. అది చేర్చాక ఒక్క లైకు కూడా రాలేదు. పొద్దున 4కి తెనాలిలో పెళ్లి ఉంది, పడుకుంటున్నా.