అమ్మమ్మ బొంత పిగిలిపోతోంది, విప్పి మళ్లీ కుట్టించాలా?

చీరాల_పిల్ల:
మా ఇంట్లో ఒక బొంత ఉంది. 1976లో నేను అమ్మ కడుపులో ఉన్నప్పుడు అమ్మమ్మ కుట్టింది. పైన ఆవిడ వెంకటగిరి చీర, కింద అమ్మ మంగళగిరి చీర, మధ్య పొరల్లో తాతమ్మ కట్టి కట్టి మెత్తబడిన నేత చీరలు. నన్ను, చెల్లిని, తర్వాత మా అమ్మాయిని దాని మీదే పడుకోబెట్టారు. ఇప్పుడు మా అమ్మాయి కడుపుతో ఉంది, ఏడో నెల.

పై చీర మడతల దగ్గర పిగిలిపోయింది. టైలర్‌ని అడిగితే విప్పేసి, పైన కొత్త గుడ్డ వేసి మిషను కుట్టు కొడతానన్నాడు. మిషను కుట్టు బిడ్డకి ఒరుసుకుంటుందని అమ్మ ఒప్పుకోవడం లేదు. 91 ఏళ్ల అమ్మమ్మేమో, "పాత గుడ్డే కదే, పారేసి కొత్తది కుట్టుకోండి" అంటోంది! ఏం చేయమంటారు?

నెల్లూరు_వదిన:
విప్పకండి. అన్నేళ్ల గుడ్డకి బలమంతా ఆ కుట్టులోనే ఉంటుంది, విప్పితే ఏ పొరా విడిగా నిలవదు. రెండు వైపులా మల్లు గుడ్డ వేసి, నూలు దారంతో చేత్తోనే వదులుగా కుట్టండి. ఉతకాలంటే తొట్టిలో నానబెట్టండి, పిండొద్దు. కింద దుప్పటి పరిచి దానితో సహా ఎత్తి నులక మంచం మీద ఆరేయండి. తడిస్తే బండరాయంత బరువు, చేత్తో పట్టి లాగితే చిరుగుతుంది. నేను మా అత్తగారిది అలాగే పాడుచేశాను.

పాప_తల్లి:
ట్రంకుపెట్టెలో తెల్ల గోళీలు వేశారా? వాటిలో ఉండే నాఫ్తలీన్ పట్టిన బట్టలు పసిపిల్లలకి మంచివి కావు. జి6పిడి (ఎర్ర రక్తకణాలను కాపాడే ఎంజైము) లోపం ఉన్న బిడ్డలకైతే రక్తకణాలు విరిగి కామెర్లు రావచ్చు. పుట్టిన బిడ్డకి ఆ లోపం ఉందో లేదో మనకేం తెలుసు? పొత్తిగుడ్డలకి కూడా అంతే. ఆ వాసన ఉన్నంతకాలం బిడ్డ దగ్గరికి రానివ్వకండి.

చీరాల_పిల్ల:
ఇద్దరికీ థాంక్స్. గోళీలు నిజంగానే ఉన్నాయి, అమ్మే వేసింది. పెట్టె ఖాళీ చేశాం. బొంత వారం నుంచి డాబా మీదే ఉంది, ఇంకా వాసన పోలేదు. పోకపోతే బిడ్డ దగ్గరికి రానివ్వం.

నిన్న అమ్మమ్మ బొంత అంచు వేళ్లతో తడుముతూ ఒకచోట ఆగింది. ఆవిడకి చూపు సరిగ్గా ఆనదు. "ఇది మీ అమ్మ కుట్టు. అప్పుడే చెప్పా, దగ్గర దగ్గరగా వెయ్యవే అని" అంది. నేను చూస్తే నిజమే, ఒక్క వరస మాత్రం ఎర్ర దారంతో వంకరటింకరగా ఉంది. యాభై ఏళ్ల తర్వాత కూడా అదే మాటా అని అమ్మ పొద్దుటి దాకా మాట్లాడలేదు.

ఇవాళ మల్లు గుడ్డ తెచ్చాను. మా అమ్మాయి సూదిలో దారం ఎక్కించి మొదటి వరస మొదలుపెట్టింది. అమ్మమ్మ వేలితో కొలిచి విప్పించింది. రెండోసారి కుట్టింది, మళ్లీ విప్పించింది.