ఏజీఎన్ వాటా ఒకసారి 5 శాతం, ఒకసారి 40 శాతం: ఏది రాయాలి?

తిరుచానూరు_ఫోటాన్
నమస్తే అందరికీ. తిరుపతిలో ఎమ్మెస్సీ ఫిజిక్స్ చివరి సెమిస్టర్ చదువుతున్నా. ప్రాజెక్టుకి అల్ట్రాల్యూమినస్ గెలాక్సీలు కొన్ని తీసుకున్నాను, అంటే 8 నుంచి 1000 మైక్రాన్ల మధ్యనే లక్ష కోట్ల సూర్యుళ్ళను మించి వెలిగేవి. వైజ్, ఐరాస్, హెర్షెల్ అనే పరారుణ టెలిస్కోపుల కొలతలు కలిపి, సిగేల్ అనే కోడ్‌లో మోడళ్ళతో ఫిట్ చేస్తున్నా. ధూళికి డ్రెయిన్-లీ మోడల్, ఏజీఎన్‌కి (అంటే గెలాక్సీ నడుమ పదార్థాన్ని మింగుతూ వెలిగే కృష్ణబిలానికి) స్కర్టర్ మోడల్ పెట్టాను. సమస్య ఏందంటే, గ్రిడ్ (కోడ్‌కి ఇచ్చే విలువల జాబితా) కొంచెం మార్చేసరికి అదే గెలాక్సీకి పరారుణ వెలుగులో ఏజీఎన్ వాటా 5 నుంచి 40 శాతానికి ఎగురుతోంది, కై-స్క్వేర్ (ఫిట్‌కీ డేటాకీ ఎంత తేడా ఉందో చెప్పే అంకె) మాత్రం రెండింటికీ దాదాపు ఒకటే. వచ్చే వారం రివ్యూ ఉంది. గైడ్ గారేమో ఏదో ఒక నంబరు ఫైనల్ చెయ్యమంటున్నారు. టెన్షన్‌గా ఉంది, ఏది రాయాలి?

చిత్తూరు_నీలం
ముందు ధూళి మోడల్‌లో గామాకి ఏయే విలువలు ఇచ్చావో చూడు. బలమైన నక్షత్రకాంతి సోకే ధూళి ఎంత భాగమో చెప్పేది అదే. దాన్ని పెంచితే 20–40 మైక్రాన్ల దగ్గర వెలుగు పెరుగుతుంది, టోరస్ (కృష్ణబిలం చుట్టూ ఉండే ధూళి వలయం) వెలుగు కూడా సరిగ్గా అక్కడే ఉబ్బుతుంది. నీ దగ్గర ఆ మధ్యలో ఉన్నవి వైజ్ 22, ఐరాస్ 25, ఆ తర్వాత నేరుగా 60. ఆ రెండు చుక్కలు పట్టుకుని, దీన్ని వేడి చేసింది నక్షత్రాలా, కృష్ణబిలమా అని అడిగితే ఏ కోడ్ చెబుతుంది? గామాని చిన్న విలువ దగ్గర బిగించేస్తే మిగిలిందంతా ఏజీఎన్ ఖాతాలో పడిపోతుంది, నీ 40 అలా వచ్చిందే అనుకుంటా.

రెండు కొసల్లో ఈ పేచీ లేదు. 40 కెల్విన్ ధూళి శిఖరం 70 మైక్రాన్ల దగ్గర ఉంటుంది, టోరస్ లోపలి అంచున 1500 కెల్విన్ దగ్గర ధూళి ఆవిరైపోతుంది కాబట్టి ఆ అంచు వెలుగు శిఖరం 2 మైక్రాన్ల పక్కన ఉంటుంది. గొడవంతా మధ్యలోనే, అందుకే స్పెక్ట్రమ్ కావాలి. స్పిట్జర్ టెలిస్కోపు ఐఆర్‌ఎస్ పరికరం 5 నుంచి 38 మైక్రాన్ల దాకా తీసిన స్పెక్ట్రాలు కాసిస్ ఆర్కైవ్‌లో ఉచితంగా దొరుకుతాయి, నీ గెలాక్సీలు ఉన్నాయేమో వెతుకు. 6.2 మైక్రాన్ల దగ్గర పీఏహెచ్ (కార్బన్ వలయాల అణువులు) ఇచ్చే పట్టీకి తుల్య వెడల్పు, అంటే వెనకున్న వెలుగుతో పోలిస్తే దాని బలం, కొలువు. అచ్చమైన స్టార్‌బర్స్ట్‌లో (జోరుగా నక్షత్రాలు పుట్టే గెలాక్సీలో) అది 0.5 మైక్రాన్ అటూ ఇటూ ఉంటుంది, ఏజీఎన్ వేడి ధూళి కింద కలిసేకొద్దీ పడిపోతుంది. 14.3 మైక్రాన్ల దగ్గర [Ne V] గీత (నాలుగు ఎలక్ట్రాన్లు పోయిన నియాన్‌ది) కనబడితే ఇంక వాదనే లేదు, దానికి 97 ఎలక్ట్రాన్ వోల్టులు కావాలి, మామూలు నక్షత్రాలకి అంత సీన్ లేదు. కానీ ఆ గీత లేనంత మాత్రాన ఏజీఎన్ లేదని రాయొద్దు, ధూళి వెనక దాక్కుని ఉండొచ్చు.

పాకాల_జంక్షన్
నాకు గెలాక్సీలు తెలీవు, గాదంకిలో లైడార్ (గాలిలోకి లేజర్ పంపి తిరిగొచ్చే కాంతిని కొలిచే పరికరం) డేటా చూసేవాణ్ణి, ఇది చదువుతుంటే మా గోలే గుర్తొచ్చింది. తిరిగొచ్చే సిగ్నల్ ఒక్కటే, తెలియనివి రెండు: గాలిలో ధూళి కాంతిని ఎంత వెనక్కి చెదరగొట్టింది, దారిలో ఎంత తగ్గించింది. వాటి నిష్పత్తిని మేమే ముందు అనుకుని లెక్క మొదలుపెడతాం. కాబట్టి ఒక్క విలువతో తీసిన ఫలితాన్ని మా దగ్గర ఎవరూ నమ్మరు, నిష్పత్తి అటూ ఇటూ మార్చి ఫలితం ఎంత ఊగిందో కూడా చూపించాలి. మీ కోడ్‌లో అలా పరీక్షించే దారి ఏమీ లేదా?

రాత్రి_డ్యూటీ
ఉంది సార్. సిగేల్‌లో మాక్ ఆప్షన్ ఆన్ చేస్తే, బెస్ట్ ఫిట్ నుంచి వచ్చిన ఫ్లక్స్‌లకి నాయిస్ కలిపి మళ్ళీ ఫిట్ చేస్తుంది. మనం పెట్టిన వాటా మనకే తిరిగి రాకపోతే, ఆ డేటాకి దాన్ని కొలిచే శక్తి లేదన్నమాట. మొదట చెయ్యాల్సిన పని అది.

నీలం అన్న గామా గురించి చెప్పింది నిజమే, కానీ గామాతోనే ఆగిపోతే ఒప్పుకోను. డ్రెయిన్-లీ మోడల్‌లో ధూళి తన పరారుణ కాంతిని తానే అడ్డుకోదు. మామూలు స్పైరల్ గెలాక్సీకి పర్లేదు. ఈ గెలాక్సీల్లో కుదరదు. ఆర్ప్ 220 అనే ఇలాంటి గెలాక్సీ పడమటి కేంద్రకంలో ధూళి ఎంత దట్టమంటే, మిల్లీమీటర్ తరంగాలకి కూడా అది పూర్తి పారదర్శకం కాదు. అలాంటి చోట 9.7 మైక్రాన్ల సిలికేట్ గుంట (సిలికేట్ ధూళి కాంతిని మింగడం వల్ల వర్ణపటంలో పడేది) లోతుగా ఉంటుంది, పలచటి ధూళి మోడల్‌కి ఆ గుంట వెయ్యడం రాదు, అప్పుడు ఫిట్ ఏం చేస్తుంది, పక్కనుంచి చూసే టోరస్‌ని తెచ్చి ఆ గుంట పూరిస్తుంది! నక్షత్రాలు పుట్టే మేఘాల్లోనే వికిరణ ప్రసారం (ధూళి గుండా కాంతి ఎలా సాగుతుందో) లెక్కకట్టిన మోడళ్ళు ఉన్నాయి, ఎఫ్‌స్టాథియూ, రోవన్-రాబిన్సన్, సీబెన్‌మోర్గన్ 2000లో ఇచ్చినది అలాంటిదే, అందులో మేఘం వయసు పెరిగేకొద్దీ వర్ణపటం మారుతుంది. కనీసం ఒక్క గెలాక్సీకైనా అలాంటిదానితో పోల్చి చూడు.

ఇంకోటి, టోరస్ అన్ని వైపులకీ సమానంగా వెలగదు. పక్కనుంచి చూస్తే మధ్య పరారుణంలో మనకి తక్కువ అందుతుంది. కాబట్టి నువ్వు రాసే శాతం మనకి కనబడే వెలుగులోదా, కేంద్రకం నిజంగా ఇచ్చే శక్తిలోదా, రిపోర్టులో స్పష్టంగా ఉండాలి. చాలా పేపర్లలోనే ఇది కలిపేస్తారు, చదువుతుంటే ఒళ్ళు మండుతుంది.

తిరుచానూరు_ఫోటాన్
అందరికీ చాలా థాంక్స్. మాక్ రాత్రే రన్ చేశాను, ఏజీఎన్ వాటా 30 పెట్టిన చోట 10 నుంచి 45 దాకా ఎక్కడపడితే అక్కడ తేలింది. కాసిస్‌లో సగం గెలాక్సీలకి స్పెక్ట్రా దొరికాయి. మిగతా సగానికి ఏం చెయ్యాలి?

చిత్తూరు_నీలం
వాటికి ఐరాస్ 25, 60 ఫ్లక్స్‌ల నిష్పత్తి ఇవ్వు. మార్కేరియన్ 231 లాంటి, ఏజీఎన్ బలంగా ఉన్న గెలాక్సీలో అది 0.2 దాటుతుంది, ఆర్ప్ 220లో 0.1 కూడా ఉండదు. అది సూచన మాత్రమే, శాతం కాదు. వాటా కాలమ్‌లో ఒక్క నంబరు కాకుండా కింది హద్దు, పై హద్దు రెండూ వెయ్యి. గైడ్ గారు అడిగితే మాక్ గ్రాఫ్ ముందు పెట్టు. ఆ, హెర్షెల్ 500 మైక్రాన్ల బీమ్ (ఒక్క చుక్కగా కలిపేసి చూసే వెడల్పు) 36 ఆర్క్ సెకండ్లు, పక్క గెలాక్సీ వెలుగు కూడా అందులో పడి ఉండొచ్చు, రివ్యూకి ముందే ఇమేజ్‌లు ఒకసారి తెరిచి చూసుకో.