యుద్ధం ఓడితే నోట్లు చిత్తుకాగితాలు ఎందుకవుతాయి?

అరండల్‌పేట, గుంటూరు: గ్రూప్స్‌కి చదువుతున్నా. 1923లో జర్మనీలో ఒక్క డాలరుకి 4.2 లక్షల కోట్ల మార్కులంట (మార్కు అంటే అప్పటి జర్మనీ డబ్బు)! మొదటి ప్రపంచయుద్ధంలో ఓడినందుకు గెలిచిన దేశాలకి కట్టాల్సిన పరిహారం వల్లే అని మా సార్ ఒక్క ముక్కలో తేల్చేశారు. అంతేనా అన్నా?

బీసెంట్‌రోడ్, బెజవాడ: సగమే నిజం తమ్ముడూ. పరిహారం బంగారంలోనో విదేశీ డబ్బులోనో కట్టాలి, అందుకని మార్కులు అచ్చేసి డాలర్లు కొనేకొద్దీ మార్కు పడిపోయింది. కానీ అంతకుముందే, 1914 నుంచీ యుద్ధ ఖర్చు పన్నులతో కాకుండా ఎక్కువగా అప్పులతో లాగించారు, గెలిచాక ఓడినవాళ్ల దగ్గర వసూలు చేద్దామని. తీరా ఓడిపోయారు. పరిహారం సరిగా కట్టట్లేదని 1923 జనవరిలో ఫ్రాన్స్, బెల్జియం సైన్యాలు జర్మనీలోని రూర్ బొగ్గు ప్రాంతంలో దిగితే, నిరసనగా పని మానేసిన కార్మికులకి జర్మన్ సర్కారు నోట్లు అచ్చేసి మరీ డబ్బులిచ్చింది. సరుకు లేదు, నోట్లు మాత్రం గుట్టలు.

మిర్చియార్డ్: యార్డులో సరుకు తగ్గితే రేటు ఎగరడం మేం చూసేదే, కానీ అది ఒక్క మిర్చికే. అక్కడ జీతం చేతిలో పడగానే బజారుకి పరుగు, సాయంత్రానికి రేటు మారిపోతుందని టెన్షన్. హంగరీ ఇంకా ఘోరం, 1946 జూలైలో ధరలు దాదాపు 15 గంటలకోసారి రెట్టింపు.

అరండల్‌పేట: మరి ఆగిందెలా?

బీసెంట్‌రోడ్: 1923 నవంబరులో రెంటెన్‌మార్క్ అనే కొత్త డబ్బు తెచ్చారు, లక్ష కోట్ల పాత మార్కులకి ఒకటి. కొత్త నోటు కంటే ముఖ్యం, సర్కారు ఖర్చుకి అచ్చేసి ఇవ్వడం రైహ్స్‌బ్యాంక్ (జర్మనీ కేంద్ర బ్యాంకు) ఆపేయడం. మీ సార్‌ని ఇది అడుగు.