రైలు ఇరుసులో పుట్టే వోల్టేజిని అదే రైల్లో కూర్చుని కొలవగలమా?

రేణిగుంట విద్యార్థి: భూ అయస్కాంత క్షేత్రంలో పరుగెత్తే రైలు ఇరుసు రెండు కొసల మధ్య వోల్టేజి పుడుతుందని చదివాం. మరి రైల్లోనే ఉండి ఆ కొసలకు మల్టీమీటరు కలిపితే అంకె రావాలి కదా? మా తరగతిలో దీనిమీద పెద్ద వాదన.

తిరుచానూరు మేష్టారు: రాదు బాబూ. సున్నా.

చిత్తూరు ఎలక్ట్రీషియన్: నేను ఒప్పుకోను మేష్టారూ. క్షేత్రం ఎలక్ట్రాన్లను ఒక కొసకు తోస్తుందని పాఠం చెప్పేది మీరే. అలా పోగైన ఆవేశం మీటరు పెట్టగానే ఎక్కడికి పోతుంది?

తిరుచానూరు మేష్టారు: ఎక్కడికీ పోదు. కానీ మీటరు తీగ కూడా రైలుతోపాటే పరుగెడుతోంది. ఇరుసులో ఎలక్ట్రాన్లను క్షేత్రం ఏ పట్టా వైపు తోస్తుందో, తీగలోనూ అటే తోస్తుంది. వలయం చుట్టూ లెక్క చూస్తే రెండు తోపులూ ఎదురెదురై సరికి సరి.

మీటరును కిందికి దించి, కదలని రెండు పట్టాలకూ కలపండి. ఇప్పుడు రైలు దగ్గరయ్యేకొద్దీ ఇరుసుకూ మీటరుకూ మధ్య వైశాల్యం తగ్గుతుంది, దాని గుండా పోయే అయస్కాంత అభివాహం (క్షేత్రం, వైశాల్యాల లబ్ధం) మారుతుంది, వోల్టేజి వస్తుంది. 1831లో ఫారడే పట్టుకున్న సంగతి ఇదే. మన పట్టాల మధ్య దూరం 1.676 మీటర్లు. గంటకు 108 కి.మీ. అంటే సెకనుకు 30 మీటర్లు. తిరుపతి అయస్కాంత మధ్యరేఖకు దగ్గర కాబట్టి, మొత్తం క్షేత్రం సుమారు 40 మైక్రోటెస్లాలున్నా అది నేలకు దాదాపు సమాంతరంగా ఉంటుంది. ఇక్కడ పనికొచ్చే నిలువు అంశం 10 దరిదాపుల్లోనే. గుణిస్తే అర మిల్లీవోల్టు. ఇదే రైలు ఇంగ్లండ్‌లో నడిస్తే నాలుగు రెట్లకు పైగా వచ్చేది. నిలువు అంశం ఊసెత్తకుండా మొత్తం క్షేత్రంతో పిల్లల చేత గుణింపజేయడం నాకు నిజంగా బాధ.

పాకాల పాఠకురాలు: 1996లో కొలంబియా వ్యోమనౌక నుంచి ఉపగ్రహాన్ని దాదాపు 20 కిలోమీటర్ల కేబుల్‌తో వదిలినప్పుడు సుమారు 3,500 వోల్టులు వచ్చాయి. విద్యుత్తు ఎగదూకి కేబుల్ కాలి తెగింది కూడా. అక్కడ కొలిచింది నౌకలోనే కదా మేష్టారూ?

తిరుచానూరు మేష్టారు: అవునమ్మా. కానీ అక్కడ వలయాన్ని పూర్తి చేసింది చుట్టూ ఉన్న అయనావరణం, అంటే విద్యుదావేశిత కణాలున్న పై వాతావరణ పొర. అది నౌకతో కలిసి పరుగెత్తదు. రైలుకు పట్టాలు ఎలాగో, నౌకకు అది అలాగ.

చిత్తూరు ఎలక్ట్రీషియన్: అయితే తీగలే వద్దు. ఇరుసు పక్కన విద్యుత్ క్షేత్రాన్ని ముట్టకుండా గుర్తించే పరికరం పెడితే?

తిరుచానూరు మేష్టారు: సూత్రం ప్రకారం అది సరైన దారే. రైలు దృష్టిలో ఆ క్షేత్రం మీటరుకు 0.3 మిల్లీవోల్టులు. మబ్బులేని రోజున గాలిలో సహజంగా ఉండేదే మీటరుకు 100 వోల్టుల దాకా. పైన 25 కిలోవోల్టుల విద్యుత్ తీగ. వీటి మధ్య దాన్ని వేరుచేసే ఉపాయం ఉంటే చెప్పండి, వినాలని ఉంది.